పైకాన్‌కి మొదటిసారి, ఒంటరిగా వెళ్తున్నా: టాకులు కాక ఇంకేం చెయ్యాలి? స్ప్రింట్లకి ఆగాలా?

ఖాళీ_లిస్ట్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఈసారి పైథాన్ వాడేవాళ్ల కాన్ఫరెన్స్ పైకాన్‌కి టికెట్ తీసుకున్నాను. తెలిసినవాళ్లెవరూ రావట్లేదు. పని వెబ్ బ్యాకెండ్, పైథాన్ రోజూ రాస్తాను. ఓపెన్ సోర్స్‌కి మాత్రం ఇంతవరకు ఒక్క పుల్ రిక్వెస్ట్ (నా కోడ్ మార్పు కలుపుకోమని అడగడం) కూడా పంపలేదు. నా సందేహాలు ఇవి:

టాకులన్నీ తర్వాత వీడియోలుగా వచ్చేస్తాయి కదా, మరి హాల్లో కూర్చుని వినడం దేనికి? షెడ్యూల్‌లో "ఓపెన్ స్పేస్" అని గదులు కనిపిస్తున్నాయి, అక్కడికి ఎవరు పడితే వాళ్లు వెళ్లొచ్చా? టాకులయ్యాక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల మీద అందరూ కలిసి పనిచేసే రోజులున్నాయే, ఆ స్ప్రింట్లు సీనియర్లకేనా? వాటికి ఆగాలంటే తిరుగు టికెట్ ఇప్పుడే మార్చుకోవాలి.

ఇంకో మాట. కొత్తవాళ్లతో మాట కలపడం నాకు చేతకాదు. దయచేసి "నెట్‌వర్కింగ్ చేసుకోండి" అని వదిలెయ్యకండి. ఏ పూట ఏం చెయ్యాలో చెబితే అది చేస్తాను.

సెమికోలన్

షెడ్యూల్ ముందేసుకుని రెండు రంగులు పెట్టుకోండి: రికార్డయ్యేవి ఒక రంగు, రికార్డు కానివి ఇంకో రంగు. మీ సమయం రెండో రంగుకి ముందు ఇవ్వండి. ఓపెన్ స్పేస్‌లు, పోస్టర్ సెషన్, స్ప్రింట్లు, వరండాలో జరిగే మాటలు, ఇవేవీ తర్వాత యూట్యూబ్‌లో దొరకవు. రోజుకి రెండు మూడు టాకులు ఎంచుకుంటే చాలు. వాటిలోనూ టాక్ అయ్యాక వక్తని మీరు ఏదైనా అడగాలనుకునేవే ఎంచుకోండి. ప్రశ్న ముందే రాసుకెళ్లండి. మైకు దగ్గర క్యూలో నిలబడి అడగక్కర్లేదు. టాక్ అయ్యాక వక్త గది బయట కాసేపు ఆగుతారు, అసలు సంభాషణ అక్కడే మొదలవుతుంది.

ఓపెన్ స్పేస్ గురించి. ఈ పద్ధతిని 1980ల్లో హారిసన్ ఓవెన్ అనే ఆయన మొదలుపెట్టారు. ముందుగా ఖరారైన వక్తలు ఉండరు. ఒక బోర్డు మీద గదులు, గంటలు గీసి ఉంటాయి. ఖాళీ గడిలో ఎవరైనా ఒక కార్డు అంటించవచ్చు, ఆ గంటకి ఆ గది ఆ విషయానిది. ఇష్టమున్నవాళ్లు వస్తారు. మధ్యలో లేచి వెళ్లిపోతే ఎవరూ ఏమీ అనుకోరు, నేర్చుకునేది లేనిచోట నుంచి కాళ్లకి పని చెప్పడమే అక్కడి నియమం. కాబట్టి మీ సందేహానికి జవాబు: ఎవరు పడితే వాళ్లు వెళ్లొచ్చు, కార్డు కూడా పెట్టొచ్చు.

కార్డు పెట్టేటప్పుడు జరిగే పొరపాటు ఒకటుంది. "జాంగో" అని, అంటే వెబ్ ఫ్రేమ్‌వర్క్ పేరు ఒక్క ముక్క రాస్తారు. నలభై మంది వస్తారు, ఎవరికి కావలసింది వాళ్లకి వేరు, పది నిమిషాల్లో సగం ఖాళీ. ప్రశ్నలాగా రాయండి: "లైవ్‌లో ఉన్న పెద్ద టేబుల్‌కి కాలమ్ కలిపేటప్పుడు సైట్ ఆగకుండా మైగ్రేషన్ ఎలా నడుపుతున్నారు?" ఎనిమిది మందే వస్తారు, ఎనిమిది మందికీ చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. కింద "సమాధానం నా దగ్గర లేదు, అడగడానికి పెట్టాను" అని రాసినా ఫరవాలేదు. అలాంటి కార్డులకే మంచివాళ్లు వస్తారు, ఉపన్యాసం వినాల్సిన పనిలేదని తెలుస్తుంది కనక.

గదిలోకి మీరే ముందు వెళ్లి కుర్చీలు గుండ్రంగా జరపండి. వరసల్లో ఉంటే ఎదురుగా ఉన్నవాడు వక్త అయిపోతాడు. మొదటి ఐదు నిమిషాల్లో ఒక్కొక్కరూ పేరు, ఇక్కడికెందుకు వచ్చారు అన్నది ఒక్క వాక్యంలో చెప్పాలి, ఉద్యోగ వివరాలు వద్దు. ఒకరే గంటంతా మాట్లాడేస్తుంటే "ఇదే సమస్య ఇంకెవరికైనా వేరేలా వచ్చిందా?" అని మిగతావాళ్ల వైపు తిరిగి అడగండి, ఎవరికీ నొప్పి తగలకుండా మాట మళ్లుతుంది. నోట్స్ రాసే పని ఒకరికి ముందే అప్పగించండి. గంట పూర్తవడానికి ఐదు నిమిషాల ముందు ముగించాలి, తర్వాతి కార్డువాళ్లు తలుపు దగ్గర నిలబడి ఉంటారు.

బోర్డు ఉదయమే నిండిపోతుంది. భోజనం తర్వాత చూద్దాం అనుకుంటే మిగిలేది చివరి గంట, మూల గది.

అండర్‌స్కోర్

సెమికోలన్ గారితో ఒక్క విషయంలో విభేదిస్తాను. వీడియో వస్తుంది కదా అని టాక్ మానేసినవాళ్లలో ఎంతమంది ఆ వీడియో తర్వాత చూస్తారు? "తర్వాత చూద్దాం" జాబితా అందరికీ ఉంది, తరిగేది ఎవరికీ లేదు. పైగా ఒంటరిగా వెళ్లినవాళ్లకి టాక్ ఒక ఆసరా. ఇరవై మంది ఒకే విషయం విని బయటికి వస్తారు, మాట కలపడానికి సరుకు సిద్ధంగా ఉంటుంది. మీ రోజువారీ పనికి దూరంగా ఉండే టాకులకి వెళ్లండి. దగ్గరవి ఎలాగూ చదువుతారు.

ఇక మాట కలపడం చేతకాదన్నారు. దానికి నిక్కమైన మందు వాలంటీర్ పని. చేతిలో పని ఉంటే ఎవరితోనైనా మాట్లాడటానికి కారణం దానంతటదే పుడుతుంది. ఇవి మొదటిసారి వచ్చినవాళ్లకీ ఇస్తారు:

రిజిస్ట్రేషన్ డెస్క్: రెండు మూడు గంటల షిఫ్ట్. వందలమంది ముఖాలు చూస్తారు, మర్నాటికి వాళ్లే పలకరిస్తారు. మొదటి రోజు ఉదయం షిఫ్ట్ మాత్రం తొలిసారి వచ్చినవాళ్లు తీసుకోకండి, బ్యాడ్జి ప్రింటర్ మొరాయించేది సరిగ్గా అప్పుడే.

సెషన్ రన్నర్: వక్తని విశ్రాంతి గది నుంచి టాక్ గదికి సమయానికి తీసుకురావడం. పదిహేను ఇరవై నిమిషాల ముందే వెళ్లి పేరు ఎలా పలకాలో, ల్యాప్‌టాప్‌కి ఏ కేబుల్ కావాలో అడగాలి. ఎవరితోనైనా ముఖాముఖి మాట్లాడటానికి ఇంతకంటే తేలిక దారి లేదు.

సెషన్ చైర్: వక్తని పరిచయం చెయ్యడం, మొదటి వరసలో కూర్చుని "10", "5", "1" అని కార్డులు చూపించడం, ప్రశ్నలు నడపడం. సమయం మించితే మొహమాటం లేకుండా లేచి నిలబడాలి. ఒక టాక్ ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఆ గదిలో సాయంత్రం దాకా అన్నీ వెనక్కి జరుగుతాయి.

పేర్లు సాధారణంగా కాన్ఫరెన్స్‌కి కొన్ని వారాల ముందు నుంచే తీసుకుంటారు. అయితే పని చేస్తున్నాం కదా, టికెట్ డబ్బు మిగులుతుంది అనుకోవద్దు. పైకాన్ యూఎస్‌లో వక్తలూ నిర్వాహకులూ కూడా టికెట్ కొనుక్కునే వస్తారు, అది వాళ్ల పాత నియమం. ఖర్చు భరించలేనివాళ్లకి ప్రయాణ సహాయం వేరుగా ఉంటుంది, దాని దరఖాస్తు గడువు కాన్ఫరెన్స్‌కి నెలల ముందే ముగుస్తుంది.

వరండాలో గుంపులు నిలబడి మాట్లాడుకుంటుంటే చొరబడటం ఎలా అని బెంగ పడకండి. సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్ రాసేవాళ్ల రైట్ ద డాక్స్ సంఘాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఒకరైన ఎరిక్ హోల్షర్ ప్రచారంలోకి తెచ్చిన "పాక్‌మన్ నియమం" ఇప్పుడు చాలా కాన్ఫరెన్సులు పాటిస్తున్నాయి: గుంపుగా నిలబడేవాళ్లు ఇంకొక మనిషి పట్టేంత ఖాళీ వదలాలి. ఆ ఖాళీ కనిపిస్తే అది మీ చోటే. వెళ్లి నిలబడి రెండు నిమిషాలు వినండి, మాట్లాడి తీరాలని ఎవరూ అనరు. ఒకవేళ అందులో ఏమీ లేదనిపిస్తే తల ఊపి వచ్చెయ్యండి.

మెర్జ్_కాన్‌ఫ్లిక్ట్

స్ప్రింట్ల సంగతి నేను చెబుతాను. ఆగండి. కనీసం మొదటి రెండు రోజులు ఆగండి.

పైకాన్ యూఎస్ అమరిక రెండు రోజుల ట్యుటోరియల్స్, మూడు రోజుల టాకులు, ఆపైన స్ప్రింట్లు. 2025 దాకా స్ప్రింట్లు నాలుగు రోజులు ఉండేవి, ఈసారి ఎన్ని రోజులో షెడ్యూల్‌లో చూసుకోండి. యూరోపైథాన్‌లో టాకుల తర్వాత వారాంతం రెండు రోజులు. ట్యుటోరియల్స్‌కి విడిగా టికెట్ ఉంటుంది, స్ప్రింట్లకి అదనంగా ఏమీ కట్టక్కర్లేదు. అన్ని రోజులూ ఒకేలా ఉండవు: మొదటి రోజు బల్లలన్నీ నిండుగా ఉంటాయి, మెయింటెయినర్లలో (ప్రాజెక్టుని నడిపేవాళ్లలో) చాలామంది రెండో రోజు సాయంత్రానికి విమానం ఎక్కుతారు, చివరి రోజుకి మిగిలేది గట్టివాళ్లే. అందుకే ఆగేది తక్కువైతే ముందు రోజులే మంచివి.

"సీనియర్లకేనా" అన్నదానికి: కాదు. కానీ సిద్ధం కాకుండా వస్తే సీనియర్‌కైనా మొదటి పూట వృథానే. అక్కడ సమయం తినేది కోడ్ కాదు, సెటప్. వందలమంది ఒకేసారి రిపోలు (ప్రాజెక్టుల కోడ్ నిల్వలు), డాకర్ ఇమేజ్‌లు దింపడం మొదలుపెడితే ఏ వైఫై అయినా చతికిలబడుతుంది. కాబట్టి ఇంటి దగ్గరే ఇవి ముగించండి:

గిట్‌హబ్ (ప్రాజెక్టుల కోడ్ ఉండే సైట్) ఖాతాకి రెండంచెల లాగిన్ పెట్టుకుని, రికవరీ కోడ్లు ఫోన్‌లో కాక ఇంకోచోట దాచండి. ఎస్‌ఎస్‌హెచ్ కీ కలిపి, ఏదైనా మీ సొంత రిపోకి పుష్ చేసి చూసుకోండి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే కంపెనీ వీపీఎన్ గిట్‌హబ్‌ని అడ్డుకుంటుందేమో, మీ పని ఒప్పందం బయటి ప్రాజెక్టులకి కోడ్ ఇవ్వనిస్తుందో లేదో ముందే కనుక్కోండి. ఈ రెండోది చాలామందికి స్ప్రింట్ బల్ల దగ్గర గుర్తొస్తుంది.

మీరు పనిచేద్దామనుకునే రెండు ప్రాజెక్టులు ఎంచుకుని, పూర్తి చరిత్రతో క్లోన్ చెయ్యండి, అంటే మీ కంప్యూటర్‌కి నకలు దింపుకోండి. డెప్త్ 1 (చివరి కమిట్ మాత్రమే) పెట్టి తేలిగ్గా దింపుకుంటే తర్వాత రీబేస్, బైసెక్ట్ దగ్గర ఇరుక్కుంటారు. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ కట్టి, డిపెండెన్సీలు దింపి, టెస్టులు ఒకసారి పూర్తిగా నడపండి. ఏ మార్పూ చెయ్యకముందే ఫెయిలయ్యే టెస్టులు ఏవో రాసిపెట్టుకోండి. లేకపోతే అక్కడ మీ మార్పు వల్లే పాడైందనుకుని గంటలు వెతుకుతారు.

సీపైథాన్ (మనం రోజూ నడిపే పైథాన్‌కి అసలు కోడ్) మీద పనిచెయ్యాలనుకుంటే కాన్ఫిగర్‌కి విత్ పైడీబగ్ ఆప్షన్ ఇచ్చి బిల్డ్ చెయ్యండి. లినక్స్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, లిబ్‌ఎఫ్‌ఎఫ్‌ఐ, జెడ్‌లిబ్, ఎస్‌క్యూలైట్ హెడర్ ప్యాకేజీలు లేకపోయినా బిల్డ్ "విజయవంతం" అంటుంది. చివర్లో ఫలానా మాడ్యూల్స్‌కి కావలసినవి దొరకలేదని ఒక జాబితా వేస్తుంది, దాన్ని ఎవరూ చదవరు. ఎస్‌ఎస్‌ఎల్ మాడ్యూల్ లేని పైథాన్‌తో పిప్ నుంచి ఏదీ దించుకోలేరు.

ఇంకొకటి, ఇది క్యాలెండర్ విషయం. పెప్ 602 (విడుదలల క్రమం చెప్పే పైథాన్ ప్రతిపాదన పత్రం) ప్రకారం పైథాన్ కొత్త వెర్షన్ ఏటా అక్టోబర్‌లో, దాని మొదటి బీటా (పరీక్షకి ఇచ్చే వెర్షన్) మేలో. మొదటి బీటాతో కొత్త ఫీచర్లకి తలుపు మూసేస్తారు. పైకాన్ యూఎస్ స్ప్రింట్లూ దాదాపు అప్పుడే వస్తాయి. అంటే అక్కడ మీరు రాసిన కొత్త ఫీచర్ మెర్జ్ అయినా (అసలు కోడ్‌లో కలిసినా) ఆ ఏటి వెర్షన్‌లో రాకపోవచ్చు, పై ఏటిదాకా ఆగాలి. బగ్ ఫిక్సులకీ, డాక్యుమెంటేషన్‌కీ ఈ బాధ లేదు. మొదటిసారికి అవే పట్టుకోండి.

స్ప్రింట్ల ముందు సాయంత్రం ప్రాజెక్టులవాళ్లు ఒక్కొక్కరూ వేదిక ఎక్కి నిమిషంలో తమ గురించి చెబుతారు. అక్కడ వినవలసింది ప్రాజెక్టు ఎంత గొప్పదన్నది కాదు. కొత్తవాళ్లకి ఇష్యూల (నమోదైన బగ్‌లు, పనులు) జాబితా వేరుగా పెట్టారా, చెప్పేమనిషి ఎన్ని రోజులు ఉంటారు, మెర్జ్ చేసే అధికారం ఉన్నవాళ్లు బల్ల దగ్గర ఉంటారా, ఈ మూడు. మూడోది లేని బల్ల దగ్గర కూర్చుంటే ఎంత రాసినా రివ్యూ వరసలో పడి ఉంటుంది.

ఖాళీ_లిస్ట్

చాలా ఉపయోగపడింది అందరికీ. రెండు అనుబంధ ప్రశ్నలు. నాది విండోస్ ల్యాప్‌టాప్, సీపైథాన్ కంటే చిన్న లైబ్రరీ ఏదైనా పట్టుకోవడం మంచిదా? రెండోది, "గుడ్ ఫస్ట్ ఇష్యూ" లేబుల్ (కొత్తవాళ్లకి తగినదని గుర్తు) ఉన్నవాటిలోంచి ఇప్పుడే ఒకటి ఎంచుకుని పెట్టుకోనా?

మెర్జ్_కాన్‌ఫ్లిక్ట్

విండోస్ అయితే మీకు విలువ ఎక్కువే, చాలా ప్రాజెక్టుల్లో విండోస్ బగ్‌లు పరీక్షించే మనిషి లేక పడి ఉంటాయి. సీపైథాన్‌కి విజువల్ స్టూడియోలో సీ++ భాగం కావాలి, అది కొన్ని జీబీల డౌన్‌లోడ్. పీసీబిల్డ్ ఫోల్డర్‌లోని బిల్డ్ బ్యాచ్ ఫైలు మొదటిసారి నడిచినప్పుడు బయటి లైబ్రరీలని కూడా నెట్ నుంచి తెచ్చుకుంటుంది. ఇదంతా ఇంట్లోనే.

అయినా మీరు బ్యాకెండ్ అన్నారు కాబట్టి, రోజూ వాడే లైబ్రరీయే మేలు. బగ్ ఎక్కడ కుడుతుందో మీకు ముందే తెలుసు. మెయింటెయినర్లు నలుగురైదుగురు చురుగ్గా ఉండి, గత నెలలో బయటివాళ్ల పుల్ రిక్వెస్టులు మెర్జ్ అయినది చూసుకోండి. ఒక్కరే నడిపే ప్రాజెక్టు అయితే ఆయన వచ్చినప్పుడే వెళ్లాలి.

లేబుల్ ఇష్యూ ఇప్పుడే పట్టి ఉంచడం మాత్రం వద్దండీ. స్ప్రింట్ కోసం దాచినవే అవి. పైగా మొదటి గంటలోనే అయిపోతాయి, ఒకే ఇష్యూ మీద ముగ్గురు పనిచేయడమూ మామూలే. అక్కడికి వెళ్లాక ఇష్యూలో ఒక వ్యాఖ్య రాసి, బల్ల పెద్దకి నోటితో కూడా చెప్పి మొదలుపెట్టండి. లేబుల్ లేని పని రెండు రకాలది ఎప్పుడూ ఉంటుంది. ఒకటి: ఖాళీ ఫోల్డర్‌లో ఆ ప్రాజెక్టు ఇన్‌స్టాల్ సూచనలు అక్షరం తప్పకుండా పాటిస్తూ ఎక్కడ ఆగిందో రాయడం. పాతవాళ్లు ఈ పని చెయ్యలేరు, ఆ గుంటలు వాళ్ల కళ్లకి కనబడవు. రెండు: రెండేళ్ల నాటి బగ్‌లు తీసి, ఇప్పటి మెయిన్ బ్రాంచ్‌లో ఇంకా ఉన్నాయా అని చూసి, వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్, చిన్న కోడ్ ముక్కతో వ్యాఖ్య రాయడం. పూటకి ఐదారు తేల్చినా మెయింటెయినర్ మిమ్మల్ని పేరుతో గుర్తుపెట్టుకుంటారు.

పుల్ రిక్వెస్ట్ దగ్గర కొత్తవాళ్లవి తరచూ ఆగిపోయే చోట్లు:

మొదటిసారి పంపేవాళ్ల టెస్టులు గిట్‌హబ్‌లో చాలాచోట్ల వాటంతటవే నడవవు, మెయింటెయినర్ ఒక బటన్ నొక్కి అనుమతించాలి. పసుపు చుక్క చూస్తూ కూర్చోకండి, పక్కకి తిరిగి అడగండి. ఎదురెదురుగా కూర్చునే ప్రయోజనమే అది.

సీపైథాన్‌లో కంట్రిబ్యూటర్ ఒప్పందం మీద సంతకం కావాలి. కమిట్‌లో ఉన్న ఈమెయిల్, గిట్‌హబ్ ఖాతాకి కలిపిన ఈమెయిల్ వేరైతే సంతకం పెట్టినా దాన్ని తనిఖీ చేసే బాట్ (ప్రోగ్రామ్) ఒప్పుకోదు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఆఫీసు ఈమెయిలే ఉండిపోతుంది, చూసుకోండి. శీర్షిక ఇష్యూ నంబర్‌తో మొదలవ్వాలి. వాడేవాళ్లకి తేడా తెలిసే మార్పు అయితే బ్లర్బ్ అనే పనిముట్టుతో ఒక న్యూస్ ఎంట్రీ రాయాలి. అక్షరదోషాల సవరణకి అది అక్కర్లేదు. రివ్యూ మొదలయ్యాక ఫోర్స్ పుష్ (పంపిన కమిట్లని తిరగరాయడం) చెయ్యకండి, రివ్యూ చేసేవాళ్లకి ఏది కొత్తదో తెలియకుండా పోతుంది. కమిట్లు గజిబిజిగా ఉన్నా చివర్లో అన్నీ ఒకటిగానే చేరతాయి.

అన్నిటికంటే ఎక్కువ జరిగేది: మీ ఎడిటర్ సేవ్ చేసినప్పుడల్లా ఫైలంతా ఫార్మాట్ చేస్తుంది. రెండు లైన్ల సవరణ నాలుగు వందల లైన్ల తేడాగా కనిపిస్తుంది. విండోస్‌లో లైన్ ఎండింగ్స్ మారినా అంతే. పుష్‌కి ముందు గిట్ డిఫ్ (మారిన లైన్లు చూపేది) ఒక్కసారి కళ్లతో చదవండి.

అరగంట ఇరుక్కుంటే అడగాలి. "పని చెయ్యట్లేదు" అని కాదు, "ఇది చేద్దామనుకున్నా, ఇది నడిపా, ఇలా వచ్చింది" అని. మెయింటెయినర్ వేరే వాళ్లతో ఉంటే అదే వాక్యాన్ని ఇష్యూలో రాసి ఇంకో పని మొదలుపెట్టండి.

టాబ్_కాదు_స్పేస్

ఎవరూ లైట్నింగ్ టాక్ మాట ఎత్తలేదు. ఐదు నిమిషాలు, ఒక్క విషయం. 2000లో పిట్స్‌బర్గ్‌లో జరిగిన పెర్ల్ భాషవాళ్ల కాన్ఫరెన్స్ యాప్సీలో మార్క్ జేసన్ డొమినస్ ఈ పేరు పెట్టారు, ఇప్పుడు ప్రతి భాషవాళ్లకీ ఉన్నాయి. పేర్లు అక్కడే ఇవ్వాలి, జాబితా త్వరగా నిండుతుంది. ఐదో నిమిషం అవగానే చప్పట్లు కొట్టి దింపేస్తారు, అందుకని అసలు మాట మొదటి నిమిషంలోనే చెప్పెయ్యండి. "నేనెవరు" స్లైడ్ తీసెయ్యండి. ఐదారు స్లైడ్లు, కోడ్ ఉంటే స్లైడ్‌కి ఏడెనిమిది లైన్లకి మించకుండా, పెద్ద అక్షరాలతో తెల్లని నేపథ్యం మీద. ముదురు థీమ్ ప్రొజెక్టర్ మీద చదవలేరు. లైవ్ డెమో వద్దు, ముందే రికార్డు చేసిన చిన్న వీడియో పెట్టుకోండి. పీడీఎఫ్ నకలు పెన్‌డ్రైవ్‌లో. నోటిఫికేషన్లు ఆపెయ్యండి, హెచ్‌డీఎంఐ అడాప్టర్ మీదే తెచ్చుకోండి. ఆ ఐదు నిమిషాల తర్వాత మీరు ఎవరినీ పలకరించక్కర్లేదు, వాళ్లే వస్తారు.

అండర్‌స్కోర్

ఒక చిన్న చేర్పు. ప్రవర్తనా నియమావళి పేజీ ముందే చదివి, ఫిర్యాదుకి ఇచ్చిన ఫోన్ నంబరూ ఈమెయిలూ ఫోన్‌లో వేసుకోండి. ఏదైనా జరిగితే సమయం, చోటు, అన్న మాటలు అన్నట్టుగా వెంటనే రాసిపెట్టి వాళ్లకివ్వాలి. చూసినవాళ్లు కూడా చెప్పొచ్చు, మీకే జరగాలని లేదు. ఫొటో వద్దనుకునేవాళ్లకి కొన్నిచోట్ల వేరే రంగు మెడతాడు ఇస్తారు. ఎవరి ఫొటో అయినా తీసే ముందు మెడ చూడండి. ఇంకా, రోజుకి ఒక గంట ఎవరితోనూ మాట్లాడకుండా ఉండే సమయం షెడ్యూల్‌లోనే రాసుకోండి, చాలా పైకాన్‌లలో నిశ్శబ్ద గది ఉంటుంది. మొదటి రోజే శక్తంతా ఖర్చుపెట్టి స్ప్రింట్లనాటికి చతికిలబడేవాళ్లు చాలామంది.

సెమికోలన్

టాకుల మీద అండర్‌స్కోర్ గారి మాట ఒప్పుకుంటున్నాను, దూరపు విషయాలవైతే వెళ్లాల్సిందే.

ఒకటి మిగిలింది: ఎవరితోనైనా మాట్లాడాక ఫోన్ నంబర్లు మార్చుకుని వదిలేస్తే వారంలో ఎవరు ఎవరో మర్చిపోతాం. అక్కడికక్కడే పేరు పక్కన ఒక్క ముక్క రాసుకోండి: "మైగ్రేషన్ లాకింగ్, లింకు పంపుతానన్నారు". మాటిచ్చిన లింకు రెండు రోజుల్లో పంపండి. మెర్జ్ కాని పుల్ రిక్వెస్ట్ ఉంటే కొన్ని వారాలు ఆగి, మెయిన్ బ్రాంచ్‌తో కలుపుకుని, టెస్టులు మళ్లీ పచ్చగా ఉన్నాయని చూసుకుని, "స్ప్రింట్‌లో మొదలుపెట్టినది, రివ్యూకి సిద్ధంగా ఉంది" అని ఒక్క వ్యాఖ్య రాయండి. కాన్ఫరెన్స్ అయిన మొదటి వారం మాత్రం అడగకండి, మెయింటెయినర్ల ఇన్‌బాక్స్ నిండా అవే ఉంటాయి.